వలస వచ్చినవారి కనీస అవసరాలకు ఒక సామాజిక వ్యాపార సంస్థ: ఖర్చు ఎవరి నుంచి రాబట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. పని వెతుక్కుంటూ సొంత చోటు విడిచి వచ్చినవారికి తొలి నెలల్లో ఎదురయ్యే కనీస అవసరాలను తీర్చడానికి ఒక సంస్థను ప్రారంభించాలని మేము కొందరు మిత్రులం కొంతకాలంగా ఆలోచిస్తున్నాము. ఆహారం, దుస్తులు, నివాసం, వైద్యం, అవసరమైన సామాజిక సేవలు ప్రతి మనిషికీ హక్కు అని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణం చెబుతున్నది. అయితే కొత్త చోట చేతిసంచీతో దిగిన మనిషికి ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో, మర్నాడు ఎవరిని అడగాలో చెప్పేవారు ఉండరు. ఎవరైనా చెప్పేవారుంటే వారు చాలాసార్లు దళారీలే అయి ఉంటారు.

విరాళాల మీద నడిచే సేవా సంస్థలను మేము దగ్గర నుంచి చూశాము. విరాళం అందినంత కాలం పని చక్కగా సాగుతుంది. దాత తన దృష్టిని మరో సమస్య వైపు మళ్ళించిన ఏడాది, అప్పటిదాకా ఆ సంస్థనే నమ్ముకున్నవారు ఒక్కసారిగా వీధిన పడతారు. అందువల్ల తన ఖర్చులను తన ఆదాయంతోనే తీర్చుకోగల సంస్థగా దీన్ని నిలబెట్టాలని అనుకుంటున్నాము. బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకును స్థాపించిన ముహమ్మద్ యూనస్ ప్రచారంలోకి తెచ్చిన సోషల్ బిజినెస్ పద్ధతిలో, పెట్టుబడి పెట్టినవారు తమ అసలును మాత్రం వెనక్కి తీసుకుని, డివిడెండ్ (లాభంలో వాటా) ఆశించకుండా, మిగిలినదంతా తిరిగి ఆ పనికే వదిలివేయడం మాకు నచ్చిన మార్గం.

మా ప్రణాళిక ప్రకారం ఒకే కేంద్రంలో పడక, భోజనం, స్నానానికి వసతి, సామాను దాచుకునే లాకరు, గుర్తింపు పత్రాలకు సంబంధించిన సాయం, ఇంటికి డబ్బు పంపే సదుపాయం, ప్రాథమిక వైద్య సలహా ఉంటాయి. ఇక్కడే మాకు సందేహాలు మొదలయ్యాయి. చేతిలో ఏమీ లేని మనిషి దగ్గర రుసుము తీసుకోవడం న్యాయమేనా? తీసుకోకపోతే ఇది వ్యాపార సంస్థ ఎలా అవుతుంది? ఇన్ని సేవలలో దేనితో మొదలుపెట్టాలి? దేశాలు దాటి వచ్చినవారు, ఒకే దేశంలో ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి వచ్చినవారు, ప్రాణభయంతో వచ్చిన శరణార్థులు, వీరందరినీ ఒకే గాటన కట్టవచ్చునా? అనుభవం ఉన్నవారు కొంచెం విడమరచి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం

నేను సామాజిక సంస్థల పద్దులు చూసే పనిలో ఉన్నాను కాబట్టి డబ్బు వైపు నుంచే మాట్లాడతాను. మీరు రాసిన జాబితాలో రెండు జాతుల సేవలు కలిసిపోయాయి. పడక, భోజనం, డబ్బు పంపకం వంటి వాటికి వలస వచ్చిన మనిషి ఇప్పటికే ఎవరికో ఒకరికి డబ్బు కడుతూనే ఉన్నాడు, అది కూడా తరచుగా ఎక్కువ ధరకు. పత్రాల సాయం, వైద్య సలహా, జీతం ఎగవేసిన చోట తోడు వెళ్ళడం వంటివి వేరు. వాటి అవసరం పడిన రోజునే ఆ మనిషి చేతిలో డబ్బు ఉండదు. మొదటి రకం సేవలను అమ్మవచ్చు, రెండవ రకం సేవలను అమ్మకూడదు. రెండింటినీ ఒకే పద్దులో కలిపి రాస్తే, మొదటి ఏడాది తిరిగేసరికి ఏది దేన్ని పోషిస్తున్నదో మీకే అంతుపట్టదు.

ఇక డబ్బు రాగల చోట్లు మూడే: వలస వచ్చిన మనిషి, అతని శ్రమ వల్ల లాభపడే యజమాని, ప్రభుత్వమో దాతో. ఎవరు డబ్బు కడతారో కొంతకాలానికి వారి మాటే చెల్లుతుంది. కాబట్టి ఆదాయం ఎంత వస్తుందన్న ప్రశ్న కంటే ఎవరి దగ్గర నుంచి వస్తుందన్న ప్రశ్నే మీ సంస్థ స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ఖర్చు యజమాని భరించాలన్న వాదనకు గట్టి ఆధారమే ఉంది. ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు కార్మికుల దగ్గర నుంచి నేరుగా గాని, పరోక్షంగా గాని, పూర్తిగా గాని, కొంత గాని రుసుము వసూలు చేయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక 7వ అధికరణం చెబుతుంది. కొన్ని మినహాయింపులకు అవకాశం ఉన్నా మూల సూత్రం అది. అయితే యజమానే స్వయంగా వసతి నడపడం మంచిది కాదన్న ఆలోచన కూడా అంతే పాతది. 1961లో కార్మికుల గృహవసతిపై అదే సంస్థ చేసిన 115వ సిఫార్సు, జనావాసాలకు దూరంగా పని ఉండడం వంటి తప్పనిసరి పరిస్థితుల్లో తప్ప, యజమాని నేరుగా ఇల్లు ఇవ్వడం సాధారణంగా వాంఛనీయం కాదని అంటుంది. కారణం ఊహించడం కష్టం కాదు. ఉద్యోగం, పడక రెండూ ఒకే చేతిలో ఉంటే, సాయంత్రం పని పోయిన మనిషికి రాత్రికి నిద్ర కూడా పోతుంది. ఆ భయంతో అతను ఓవర్‌టైమ్ డబ్బు గురించి నోరు విప్పడు. దుకాణాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది: పనిచోట పెట్టిన దుకాణంలోనే కొనాలని కార్మికుణ్ణి ఒత్తిడి చేయరాదని 1949 నాటి 95వ ఒడంబడిక నిర్దేశించింది. యజమాని డబ్బు ఇవ్వాలి గాని తాళంచెవి మాత్రం అతని చేతిలో ఉండకూడదు. మీలాంటి సంస్థకు చోటు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది.

వసతి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ప్రణాళికలో డబ్బు అన్నింటికంటే ఎక్కువగా మునిగేది అక్కడే. రద్దీ వసతుల్లో పగటి షిఫ్టు మనిషి లేచి వెళ్ళగానే రాత్రి షిఫ్టు మనిషి వచ్చి అదే పరుపు మీద పడుకుంటాడు. దుప్పటి మారదు, గోడకు కొట్టిన ఒకే మేకుకు ఇద్దరి చొక్కాలు వేలాడుతుంటాయి. పడకకు ఇద్దరి దగ్గర డబ్బు రాబట్టే ఆ వసతితో మీరు ధరలో పోటీ పడలేరు, పడకూడదు కూడా. విపత్తు సమయాల కోసం రూపొందిన స్ఫియర్ ప్రమాణాలు మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల కప్పు ఉన్న చోటు, రోజుకు 15 లీటర్ల నీరు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలంటాయి. అవి భూకంపమో యుద్ధమో వచ్చినప్పటి కొలతలు. మామూలు రోజుల్లో అద్దె తీసుకుని నడిపే వసతి అంతకంటే కింద ఉంటే దాన్ని సామాజిక సంస్థ అని పిలవడానికి వీల్లేదు.

లెక్క ఇలా చూడండి. అద్దె, కరెంటు, కాపలా, శుభ్రత వంటి ఖర్చుల్లో చాలా భాగం పడకలు నిండినా నిండకపోయినా మారదు. వంద పడకల్లో ఎనభై నిండితే ఖర్చులు గట్టెక్కుతాయని అనుకుందాం. పని జోరుగా ఉండే ఏడు నెలలు 95 పడకలు, మిగతా అయిదు నెలలు 50 పడకలు నిండాయనుకోండి. ఏడాది సగటు 76 దగ్గరే ఆగిపోతుంది. కళకళలాడే నెలల్లో లాభం వచ్చిందనుకుని రెండో భవనం అద్దెకు తీసుకున్న సంస్థ ఏడాది చివరికి నష్టంలో తేలుతుంది.

దీనికి తోడు, యజమానులు బిల్లును అరవై రోజులకో తొంభై రోజులకో చెల్లిస్తారు. సరుకులు వేసే వ్యాపారి, శుభ్రం చేసే మనిషి అంతకాలం ఆగరు. కాగితం మీద లాభంలో ఉండి కూడా చేతిలో ఆడే డబ్బు లేక మూతపడ్డ సంస్థలను నేను చూశాను. కాబట్టి కనీసం మూడు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్న తరువాతే తలుపులు తెరవండి. ఒకే సేవతో మొదలుపెట్టండి. అది ఏదన్నది మీ చోట వలస వచ్చినవారిని అడిగి తేల్చుకోవలసిన విషయం.

రెండవ సమాధానం

పైన రాసిన మిత్రుల లెక్కతో నాకు పేచీ లేదు. అయితే యజమానే ఖర్చు భరించాలన్న దగ్గర అన్ని ఆశలూ పెట్టుకోవడం సరికాదు. వలస వచ్చినవారిలో చాలామందికి ఒక యజమాని అంటూ ఉండడు. ఈ రోజు ఒక మేస్త్రీ దగ్గర, రేపు మరొకరి దగ్గర పనిచేసేవారు, ఇళ్ళల్లో పనిచేసేవారు, తోపుడు బండి పెట్టుకున్నవారు, ఇంకా పని దొరకనివారు, వీరి బిల్లును ఏ యజమానికి పంపుతారు? నేను స్వయంగా వలస వెళ్ళి బతికిన మనిషిని, తరువాత ఒక కార్మికుల సహకార సంఘంలో పనిచేశాను. డబ్బు కట్టి తీసుకున్న సేవ గురించి ఫిర్యాదు చేయడానికి మనిషికి ధైర్యం ఉంటుంది. ఉచితంగా వచ్చిన పరుపులో నల్లులు ఉన్నాయని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

అసలు పేదవాడి దగ్గర డబ్బు లేదనడం సగం నిజమే. అతని దగ్గర లేనిది ఏకమొత్తం. నెల అద్దె, దానికి మించిన అడ్వాన్సు ఒకేసారి కట్టగలిగినవాడికి గది చవకగా దొరుకుతుంది. అది లేక రోజువారీ అద్దెకు ఉండేవాడు నెల తిరిగేసరికి అంతకంటే ఎక్కువే కట్టి ఉంటాడు, కానీ గది మాత్రం అతనిది కాదు. మీ సంస్థ ఆ అడ్వాన్సును తాను కట్టి, గదిని వారాల లెక్కన ఇచ్చి, వారం అద్దెలోనే ఒక చిన్న భాగాన్ని ఆ మనిషి పేరు మీద జమచేసి, వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చివేస్తే, అతనికి ఇప్పుడయ్యే ఖర్చు తగ్గుతుంది, మీ ఖర్చులూ తీరతాయి. వలస వచ్చినవాడి దగ్గర కొత్తగా డబ్బు రాబట్టడం వేరు, అతను ఇప్పటికే అనవసరంగా పోగొట్టుకుంటున్న దానిలో కొంత అతనికి మిగిల్చి, కొంతతో సంస్థను నడపడం వేరు. రెండవది న్యాయమేనని నా అభిప్రాయం.

ఇంటికి డబ్బు పంపే విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. దేశాల మధ్య 200 డాలర్లు పంపడానికి సగటున 6 శాతానికి పైగా ఖర్చవుతున్నట్లు ప్రపంచ బ్యాంకు లెక్కలు చూపుతున్నాయి. 2030 నాటికి దీన్ని 3 శాతానికి లోపు తేవాలని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి నిర్దేశించింది. ఈ ఖర్చు రెండు చోట్ల దాగి ఉంటుంది: ఒకటి రసీదు మీద కనిపించే రుసుము, రెండవది మారకపు రేటులో కలిపేసిన తేడా. ‘రుసుము లేదు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టినవారు రెండవ దారిలో రాబట్టుకోవచ్చు. అలాగని మీరే డబ్బు పంపే వ్యాపారంలోకి దిగవద్దు. దానికి అనుమతులు, ఖాతాదారుల గుర్తింపు తనిఖీలు, ఆర్థిక నియంత్రణ సంస్థలకు నివేదికలు కావాలి, చిన్న సంస్థ ఆ బరువు మోయలేదు. అనుమతి ఉన్న సంస్థల ధరలను రోజూ పోల్చి, వంద పంపితే ఇంటి దగ్గర ఎంత చేతికొస్తుందో వారి భాషలో గోడ మీద రాసిపెడితే చాలు. దానికి పలక, సుద్దముక్క తప్ప పెట్టుబడి అక్కరలేదు.

సేవలను మనం ముందే గీసుకున్నట్లు జనం వాడుకోరన్నది కూడా గుర్తుంచుకోవాలి. కెన్యాలో 2007లో ప్రారంభమైన ఎం-పెసా అనే మొబైల్ ఫోను డబ్బు సేవ, అంతకుముందు ప్రయోగ దశలో చిన్న అప్పుల వాయిదాలు కట్టడానికి ఉద్దేశించినది. ప్రజలు దాన్ని ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడడం గమనించిన తరువాతే అది ఇంటికి డబ్బు పంపే సేవగా బయటకు వచ్చింది. మీ లాకర్లు కూడా సామాను దాచడానికి కాక, ఊరు మారే మనిషి తన పత్రాలు వదిలివెళ్ళడానికి ఎక్కువగా ఉపయోగపడవచ్చు.

సహకార పద్ధతి గురించి ఒక్క మాట. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది నేతగాళ్ళు, ఇతర చేతిపనివారు కలిసి పెట్టిన దుకాణం కల్తీలేని సరుకు, సరైన తూకం, కొన్నదాన్ని బట్టి మిగులులో వాటా అన్న సూత్రాలతో నిలబడింది. ఆ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. అయితే అక్కడి సభ్యులు ఆ ఊళ్ళోనే ఉండేవారు. మీ సభ్యులు పని ఎటు ఉంటే అటు వెళ్ళిపోతారు. కాబట్టి సభ్యత్వపు వాటా అడిగిన వెంటనే తిరిగి ఇచ్చేలా ఉండాలి, లేకపోతే అది ఇంకొక అడ్వాన్సుగా మారిపోతుంది.

మూడవ సమాధానం

నేను న్యాయ సహాయ రంగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది: మీ రిజిస్టరులో మీరు ఏమి రాస్తారు? పడక ఇవ్వడానికి పేరు, వచ్చిన తేదీ, అత్యవసరంలో కబురు చేయవలసిన మనిషి ఫోను నంబరు చాలు. చట్టం కోరితే గుర్తింపు కార్డు చూడాలి. అంతకుమించి మతం, పుట్టిన ఊరు, వచ్చిన దారి, వీసా స్థితి వంటి గడులు ఫారంలో ఉన్నాయంటే, అవి ఎందుకున్నాయో అడిగే ధైర్యం లేని మనిషి అబద్ధమైనా రాస్తాడు, లేదా గడప దగ్గర నుంచే వెనక్కి వెళ్ళిపోతాడు. వైద్యం, చదువు, నివాసం అందించేవారికీ వలస చట్టాలను అమలుచేసే అధికారులకూ మధ్య అడ్డుగోడ ఉండాలని, జాత్యహంకారానికి వ్యతిరేకంగా పనిచేసే ఐరోపా మండలి సంఘం 2016లో తన 16వ సాధారణ విధాన సిఫార్సులో కోరింది. మీ దేశంలో అటువంటి రక్షణ చట్టంలో ఉన్నదో లేదో ముందే న్యాయవాదిని అడగండి. లేని చోట ఉత్తమమైన రక్షణ, అవసరం లేని వివరాన్ని అసలు రాసుకోకపోవడమే.

ఎవరి పాస్‌పోర్టునూ, అసలు ధ్రువపత్రాలనూ భద్రత పేరుతో మీ కార్యాలయ బీరువాలో ఉంచుకోకండి. గుర్తింపు పత్రాలను తమ దగ్గర పెట్టుకోవడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమను గుర్తించే సూచికల్లో ఒకటిగా పేర్కొన్నది. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ అసలు కాగితం మరొకరి తాళం కింద ఉన్న మనిషి స్థితి ఆ ఉద్దేశాన్ని బట్టి మారదు. లాకరు ఇవ్వండి, తాళంచెవి అతని దగ్గరే ఉండనివ్వండి. ఊరు వెళ్ళేటప్పుడు లాకరు అట్టిపెట్టుకోవాలనుకుంటే, తాళంచెవి తీసుకుని వెళ్ళే హక్కు అతనికే ఉండాలి. మరొక చిన్న చిక్కు: చోటు మారినప్పుడు సిమ్ కార్డు మారుతుంది, పాత నంబరుతో ముడిపడిన బ్యాంకు ఖాతా, ఆసుపత్రి చీటీ, పిల్లల బడి దరఖాస్తు అన్నీ ఒకేసారి అందకుండా పోతాయి. పాత నంబరును ఖాతాల్లో మార్పించడం అన్న ఒక్క పని కోసం వారానికి ఒక పూట బల్ల వేసుకుని కూర్చునే మనిషి ఉంటే, ఎన్నో పెద్ద పథకాల కంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

అందరినీ ఒకే గాటన కట్టవచ్చునా అని అడిగారు. చట్టరీత్యా కట్టలేరు. శరణార్థి అన్న హోదాకు 1951 నాటి ఒడంబడికలో నిర్వచనం ఉంది, దానితో వచ్చే రక్షణలు వేరు. వలసదారు అన్న మాటకు అన్ని దేశాలూ అంగీకరించిన న్యాయ నిర్వచనమే లేదు. లెక్కల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో చేసిన సిఫార్సులు, కనీసం 12 నెలల పాటు మరొక దేశంలో నివాసం మార్చుకున్నవారిని దీర్ఘకాలిక వలసదారులుగా, 3 నుంచి 12 నెలల వారిని స్వల్పకాలిక వలసదారులుగా చూశాయి. 2024లో ప్రపంచంలో సుమారు 30.4 కోట్ల మంది పుట్టిన దేశం కాని దేశంలో ఉన్నారన్న అంచనా దేశాలు దాటినవారి గురించినదే. ఒకే దేశంలో కొన్ని నెలల పనికోసం తిరిగేవారు ఈ లెక్కలో ఎక్కడా కనిపించరు. కాబట్టి మీ గడప దగ్గర మనిషి ఏ వర్గానికి చెందినవాడన్నది కాకుండా ఏమి కావాలని వచ్చాడన్నదే చూడండి. శరణు కోరి వచ్చినవారు తారసపడితే మాత్రం మీరే సలహా చెప్పకుండా, ఆ విషయం తెలిసిన న్యాయవాది దగ్గరకు ఆ రోజే పంపండి. ఆ దరఖాస్తుల్లో గడువులు దాటితే నష్టం పెద్దది.

నాలుగవ సమాధానం

సంస్థను ఏ చట్టం కింద నమోదు చేయాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది గనుక దాని గురించి ఎక్కువ చెప్పను. ఇటలీ 1991లో 381వ చట్టంతో సామాజిక సహకార సంఘాలకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. బ్రిటన్‌లో 2005 నుంచి కమ్యూనిటీ ఇంట్రస్ట్ కంపెనీ అన్న రూపం ఉంది, అందులో సంస్థ ఆస్తులు సభ్యుల సొంతం కాకుండా సమాజ ప్రయోజనానికే కట్టుబడి ఉంటాయి. మీ దేశంలో అటువంటి రూపం లేకపోయినా, సంస్థను మూసివేస్తే మిగిలిన ఆస్తి అదే ఉద్దేశంతో పనిచేసే మరొక సంస్థకే చెందాలన్న నిబంధనను నియమావళిలో మొదటి రోజే రాయించండి. వసతి భవనం విలువ పెరిగిన తరువాత ఆ మాట రాయించడం ఎవరికీ సాధ్యం కాదు. ఇంకొకటి, నిర్వహణ మండలిలో వలస వచ్చినవారికి కనీసం రెండు స్థానాలు ఉంచండి, సమావేశాలు వారి పని వేళల తరువాతే పెట్టండి. ఒక్కరినే కూర్చోబెడితే ఆ ఒక్కరు తల ఊపడానికే వచ్చినట్లు ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివిన తరువాత భోజనం, డబ్బు పంపకం, వైద్య సలహా పక్కన పెట్టాము. వారాల లెక్కన పడక, దానితో పాటు లాకరు, ఈ రెంటితోనే మొదలుపెడతాము. ధరల పలక, ఫోను నంబరు మార్పించే బల్ల ఉచితంగా నడుపుతాము; వాటి ఖర్చును వేరే పద్దులో రాసి, దానికి మాత్రమే విరాళాలు అడుగుతాము.

అయితే ఇంతలో ఒక చిక్కు వచ్చింది. మేము చూసిన భవనానికి దగ్గరలో ఉన్న ఒక పరిశ్రమ యాజమాన్యం, మా పడకలన్నింటినీ మూడేళ్ళకు తామే తీసుకుంటామని, ఒక ఏడాది డబ్బు ముందుగా ఇస్తామని ప్రతిపాదించింది. పడకలు నిండుతాయా అన్న భయం దానితో తీరిపోతుంది, చేతిలో ఆడే డబ్బు సమస్యా తీరుతుంది. మా బృందంలో కొందరు ఇది వెతకబోయిన తీగ కాలికి తగిలినట్లేనని అంటున్నారు. మొదటి సమాధానంలో చెప్పిన మాట గుర్తుండి నేను వెనకాడుతున్నాను. ఒప్పుకోవచ్చునా?

మొదటి సమాధానం రాసినవారు

అన్ని పడకలూ ఇవ్వకండి. అన్నీ ఒకరికే ఇచ్చిన రోజు నుంచి మీరు ఆ పరిశ్రమకు జీతం లేని హాస్టల్ వార్డెన్లు. మూడేళ్ళ తరువాత వారు ఒప్పందం పొడిగించకపోతే మీకు ఖాళీ భవనం మిగులుతుంది, ఆ సంగతి వారికీ తెలుసు కాబట్టి రెండో ఏడాది నుంచే మీ నియమాలను సడలించమని అడగడం మొదలవుతుంది. నా లెక్కన ఏ ఒక్క యజమానికీ మూడో వంతు పడకలకు మించి ఇవ్వకూడదు. మిగతావి ఇతర చిన్న యజమానులకూ, సొంతంగా వచ్చినవారికీ ఉంచండి. ఆదాయం కొంత నెమ్మదిగా వస్తుంది, రానివ్వండి. ముందుగా ఇచ్చే డబ్బును కూడా ఆదాయంగా కాక అప్పుగానే పద్దులో రాసి, నెల నెలా పడకలు వాడుకున్న మేరకే ఆదాయంలోకి మార్చండి. ఏడాది డబ్బు చేతికొచ్చిందని భవనం మరమ్మతులకు అంతా ఖర్చుపెడితే ఎనిమిదో నెలలో కరెంటు బిల్లుకు వెతుక్కోవలసి వస్తుంది.

ఆ మూడో వంతుకైనా ఒప్పందంలో కొన్ని మాటలు తప్పనిసరి. యజమానితో ఉన్నది డబ్బు చెల్లింపు ఒప్పందం మాత్రమే. పడక ఒప్పందం మీకూ ఆ కార్మికుడికీ మధ్య, అతను చదవగలిగిన భాషలో, అతని చేతికి ఒక ప్రతి ఇచ్చి రాసుకోవాలి. పడక ఖర్చును అతని జీతంలోంచి కోయరాదు. ఎవరు ఎప్పుడు బయటకు వెళ్ళారు, ఎవరిని కలిశారు, రాత్రి ఎన్ని గంటలకు వచ్చారన్న వివరాలు యాజమాన్యానికి ఇవ్వరాదు. సూపర్‌వైజర్లు గదుల్లోకి రావాలంటే బయటి మనిషి ఎవరైనా పాటించే సందర్శకుల నియమమే వారికీ వర్తించాలి. ఉద్యోగం పోయినా, మానేసినా, సమ్మె చేసినా, ఆ మనిషికి ముప్పై రోజుల పాటు అదే పడక ఉండాలి, ఆ ముప్పై రోజుల డబ్బు యాజమాన్యమే కట్టాలి.

రెండవ సమాధానం రాసినవారు

పై నిబంధనల్లో ఒక్కటి కలపండి. ఆ పరిశ్రమ వారికి ఇచ్చే పడకలు ఒకే అంతస్తులో, ఒకే వరుసలో ఉండకూడదు. వేరే పనులు చేసేవారితో కలిపి గదులు కేటాయించండి. ఎవరికి ఎంత కూలి వస్తున్నది, ఎక్కడ పని ఉన్నది అన్న కబుర్లు రాత్రిళ్ళు గదుల్లోనే చెప్పుకుంటారు. ఒకే యజమాని మనుషుల మధ్య ఆ కబురు తిరగదు, తిరిగినా మర్నాటికి సూపర్‌వైజరు చెవిన పడుతుంది.

బేరం మాత్రం ఆ ముప్పై రోజుల దగ్గరే బిగుసుకుంటుంది. ధర, గదుల కేటాయింపు, సందర్శకుల నియమం అన్నీ ఒప్పుకుని ఆ ఒక్కటి తీసేయమంటే, వారికి కావలసింది పడకలు కాదు, వెళ్ళిపోలేని మనుషులు. అప్పుడు ఇచ్చిన డబ్బు వెనక్కి ఇచ్చి, చిన్న యజమానుల దగ్గరకు వెళ్ళండి.